షీలా కే-స్మిత్ నవలలు: ససెక్స్ నేల, ఇంగ్లీషు పల్లె, క్రైస్తవ విశ్వాసం

చాలుగట్టు:

ఇంగ్లండు పల్లె జీవితం అనగానే మనలో చాలామందికి థామస్ హార్డీ గుర్తుకొస్తాడు. డిగ్రీలోనో ఎం.ఏ.లోనో ఆయన నవల ఒకటైనా పాఠ్యపుస్తకంగా చదివి ఉంటాం. ఆయన తరువాతి తరంలో, ఇంగ్లండు ఆగ్నేయ తీరాన ఉన్న ససెక్స్ పల్లెల గురించి జీవితమంతా రాసిన షీలా కే-స్మిత్ పేరు మాత్రం మన మధ్య దాదాపు వినబడదు. కొన్నాళ్ళుగా ఆమె నవలలే చదువుతున్నాను. వాటి గురించి మాట్లాడేవారు దొరుకుతారన్న ఆశతో ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఆమె 1887లో హేస్టింగ్స్ పక్కనున్న సెయింట్ లెనర్డ్స్ అనే సముద్రతీరపు ఊళ్ళో ఒక డాక్టరు ఇంట పుట్టింది. మొదటి నవల 1908లో వచ్చింది. 1956లో చనిపోయింది.

నన్ను పట్టుకుని వదలని నవల 1916 నాటి 'ససెక్స్ గోర్స్'. గోర్స్ అంటే అక్కడి బీళ్ళలో పసుపుపచ్చగా పూసే ముళ్ళపొద. రూబెన్ బ్యాక్‌ఫీల్డ్ అనే కుర్రవాడు ఊరి పక్కనున్న బోర్జెల్ బీడును చూసి, ఎప్పటికైనా ఇదంతా నాది కావాలి అని పంతం పడతాడు. ముసలితనం దాకా అదే పంతం. పొలంలోకి చేతులు కావాలని పిల్లలను కంటాడు. భార్య వరస కాన్పులతో నలిగి చచ్చిపోతుంది. కొడుకులు ఒక్కొక్కరే ఇల్లు విడిచిపోతారు. మనసిచ్చిన స్త్రీ తన పంతానికి తోడురాదని తెలిసి ఆమెనూ వదులుకుంటాడు. చివరికి బీడంతా అతనిదవుతుంది. ఎనభై దాటిన రూబెన్ ఆ నేలమీద నిలబడి, పోగొట్టుకున్నదానికి తగినదే దక్కిందని అనుకుంటాడు. రచయిత్రి అతణ్ణి శిక్షించదు.

ఏడేళ్ళకు, 1923లో, 'ది ఎండ్ ఆఫ్ ది హౌస్ ఆఫ్ అలార్డ్' వచ్చింది. ఇందులోది అప్పుల్లో మునిగిన పాత జమీందారీ కుటుంబం. పెద్దకొడుకు మొదటి ప్రపంచయుద్ధంలో పోయాడు. తరువాతివాడు పీటర్, ఎస్టేటును నిలబెట్టడానికి ప్రేమించిన అమ్మాయిని కాదని డబ్బున్న ఇంటి అమ్మాయిని పెళ్ళి చేసుకుంటాడు, ఆ దుఃఖంలోనే అంతమవుతాడు. చిన్నవాడు జెర్వేజ్ మోటారు షెడ్డులో పని నేర్చుకుని, తరువాత సన్యాసుల మఠంలో చేరతాడు. ఆస్తి తన చేతికి వచ్చినప్పుడు వెనక్కు రాడు. ఎస్టేటును అమ్మివేయిస్తాడు.

ఒక నవలలో నేలకోసం మనుషులను వదులుకున్నవాడు నిలబడ్డాడు, రెండోదానిలో నేలను వదులుకున్నవాడు నిలబడ్డాడు. ఈ మధ్యలో రచయిత్రి పూర్తిగా మారిపోయిందని సాధారణంగా అంటారు. నేను అలా అనుకోను. రూబెన్ బోర్జెల్‌కు ఏమేమి ఇచ్చాడో జెర్వేజ్ దేవుడికి అవే ఇచ్చాడు: ఇల్లు, కుటుంబం, పేరు. ఆమె దృష్టిలో విశ్వాసం మనిషికి ఓదార్పునిచ్చే వస్తువు కాదు. నేలతో పోటీపడి, నేల అడిగినంత మూల్యమే అడిగేది. మీరేమంటారు?

పాతపేజీ:

మంచి పేరు ఎత్తారు. రూబెన్‌ను శిక్షించకపోవడం గురించి ఒక మాట. హార్డీ అయితే అలా వదిలేవాడు కాదు. 'మేయర్ ఆఫ్ కాస్టర్‌బ్రిడ్జ్'లో హెంచర్డ్ ఒకనాడు తాగి భార్యను అమ్మిన పాపం ఇరవై ఏళ్ళ తరువాత వచ్చి అతణ్ణి నేలకూలుస్తుంది. హార్డీ లోకంలో దేవుడు లేకపోయినా లెక్క అడిగేది ఏదో ఉంది. కే-స్మిత్ 1916లో ఆ లెక్కనూ తీసేసింది. అందుకే ఆ నవల ముగింపు నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

బోర్జెల్ వెనకనున్న చరిత్ర కూడా చూడాలి. ఆ బీడు మొదట ఊరందరిదీ. ఎవరి ఆవు అయినా మేయవచ్చు, ఎవరైనా వంటచెరకు కొట్టుకోవచ్చు. 18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు చట్టాలతో ఇలాంటి ఉమ్మడి బీళ్ళకు కంచెలు వేసి సొంత ఆస్తులుగా మార్చారు. 1845 నాటి సాధారణ చట్టం ఆ పనిని ఇంకా సులభం చేసింది. నవల మొదలయ్యేది అలాంటి కంచె చుట్టూ జరిగిన గొడవతోనే. ఊరంతా కంచెను చూసి కోపంతో రగిలిపోతుంటే, రూబెన్ ఒక్కడే దాన్ని చూసి ఆశపడతాడు. ఆ ఒక్క సన్నివేశంలో అతని స్వభావమంతా ఉంది.

నరసాపురం చదువరి:

ఈమె పేరు ఇక్కడ చూసి చాలా సంతోషం కలిగింది. నాకు భూమి సంగతికంటే ప్రార్థన మందిరాల సంగతి ముఖ్యం, అందుకని అటునుంచి వస్తాను.

ఆమె మొదటి నవల పేరే 'ది ట్రాంపింగ్ మెథడిస్ట్'. ఇంగ్లండు సంఘపు (రాజు అధిపతిగా ఉండే అధికారిక చర్చి) మతాచార్యుని కొడుకు ఒకడు, ఇల్లు వదిలి ఊరూరా కాలినడకన తిరుగుతూ సువార్త చెప్పే మెథడిస్టు అవుతాడు. కథాకాలం 18వ శతాబ్దం. ఆ ప్రాంతానికి ఇది ఊహించి అతికించిన విషయం కాదు. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ తన చివరి ఆరుబయటి ప్రసంగాన్ని 1790 అక్టోబరు 7న చేసినది ససెక్స్‌లోని వించెల్సీలోనే, ఒక చెట్టు కింద. అప్పటికి ఆయన వయసు 87.

అక్కడి పల్లెల్లో గుడి వేరు, మందిరం వేరు. రాజుగారి సంఘానికి చెందిన పాత రాతికట్టడం ఊరి మధ్య ఉంటుంది, అందులో జమీందారుకు ముందు వరస. ఆ సంఘంతో తెగతెంపులు చేసుకున్న కూలీలు, చిన్న రైతులు, చెప్పులు కుట్టేవారు కొట్టాల్లోనో చిన్న ఇటుక మందిరాల్లోనో కూడుకునేవారు. చదువు లేనివాడు కూడా అక్కడ లేచి సాక్ష్యం చెప్పవచ్చు. ఈ రెండో లోకాన్ని కే-స్మిత్ ఎంత దగ్గరగా చూసిందో 'గ్రీన్ ఆపిల్ హార్వెస్ట్'లో (1920) తెలుస్తుంది. ఆకతాయిగా తిరిగిన రైతుకొడుకు రాబర్ట్ ఫుల్లర్ హఠాత్తుగా మారుమనస్సు పొంది ప్రసంగాలకు బయలుదేరితే ఊరివాళ్ళు పడే ఇబ్బంది, ఇంట్లోవాళ్ళ సిగ్గు, తమ్ముడు క్లెమ్ చూపే ప్రేమ, అన్నీ కళ్ళముందు నిలుస్తాయి.

మా గోదావరి జిల్లాలవారికి ఈ లోకం పరాయిది కాదు. 1836లో నరసాపురం, పాలకొల్లు ప్రాంతానికి వచ్చిన బౌడెన్, బీర్ ఇంగ్లండు నైరుతి మూలనున్న డెవన్‌లోని బార్న్‌స్టేపుల్ వైపునుంచి వచ్చినవారు. పెద్ద మిషనరీ సంస్థల జీతం లేకుండా బ్రదరెన్ అనే క్రైస్తవ సహవాసంనుంచి వచ్చారు. అలాంటి మనుషులు ఎలాంటి పల్లెల్లో, ఎలాంటి కూటాల్లో తయారయ్యారో తెలుసుకోవాలనే నేను ఈ నవలలు మొదలుపెట్టాను. కథాస్థలం డెవన్ కాదు, ససెక్స్. కానీ ఆ కూటాల వేడి అదే.

మెట్టపొలం:

నేను ఈమెను చదవలేదు. మాది వ్యవసాయ కుటుంబం కాబట్టి రూబెన్ కథ వినగానే ఆసక్తి కలిగింది. రెండు సందేహాలు. అలార్డ్ కుటుంబంలో ఒక కొడుకు ఊరి మతాచార్యుడని ఎక్కడో చూశాను. జమీందారు కొడుకే ఫాదరు కావడం ఏమిటి? రెండు, అక్కడి రైతులు దశమభాగం గురించి గొడవపడేవారట. మన దగ్గర విశ్వాసులు ఇష్టపూర్వకంగా ఇచ్చేదాని మీద గొడవ ఎందుకు?

చాలుగట్టు:

మెట్టపొలం గారూ, మీ రెండు ప్రశ్నలకు జవాబు ఒకచోటే ఉంది: గుడికీ భూమికీ ఉన్న ముడి.

ఆ రోజుల్లో ఇంగ్లండు సంఘంలో చాలా ఊళ్ళ మతాచార్యుని పదవికి మనిషిని ప్రతిపాదించే హక్కు ఆ ఊరి జమీందారుది. అప్పట్లో అది ఆస్తిహక్కు, కొనేవారు, అమ్మేవారు, వారసత్వంగా ఇచ్చేవారు. అందుకే పెద్దవాడికి ఎస్టేటు, ఒకడికి సైన్యం, ఒకడికి ఊరి గుడి అని పంచుకోవడం మామూలైపోయింది. అలార్డ్ నవలలో జార్జ్ అలా మతాచార్యుడైనవాడే. మంచివాడే, కానీ తండ్రి భోజనాల బల్ల దగ్గర దేవుడి మాట ఎత్తలేడు. పక్క ఊళ్ళో ఫాదర్ లూస్ అనే పేద గురువు ఉంటాడు. జెర్వేజ్ విశ్వాసం సొంత అన్న దగ్గర కాక ఆ పేద గురువు దగ్గర మొదలవుతుంది. రచయిత్రి చెప్పదలచినది ఆ ఎంపికలోనే ఉంది.

దశమభాగం ఒకప్పుడు అక్కడ చట్టబద్ధమైన పన్ను లాంటిది. పంటలో పదోవంతు గుడికి చెల్లాలి. రైతు మెథడిస్టు అయినా, కాథలిక్కు అయినా, అసలు దేవుణ్ణే నమ్మకపోయినా చెల్లాలి. 1836 చట్టంతో ధాన్యం బదులు డబ్బు కట్టే పద్ధతి వచ్చింది. 1930లలో ధరలు పడిపోయినప్పుడు కట్టలేని రైతుల పశువులను, పనిముట్లను జప్తు చేశారు. కెంట్, ససెక్స్ వైపు రైతులు గట్టిగా ఎదురుతిరిగారు. 1936లో కొత్త చట్టం తెచ్చి ఆ పద్ధతిని క్రమంగా ఎత్తివేశారు. ఊరి గుడి మీద రైతుకు భక్తి, కోపం రెండూ ఎందుకుంటాయో ఇది తెలిస్తేగాని అర్థం కాదు.

సముద్రపుగాలి:

నేను ఆ ప్రాంతానికి దగ్గర్లోనే ఉంటున్నాను, ఆమె రాసిన చోట్లు కొన్ని చూశాను. చూసినవి చెబుతాను.

వించెల్సీలో సెయింట్ థామస్ గుడి ఉంది. లోపల మధ్యయుగపు అలార్డుల సమాధులున్నాయి, రాతిలో చెక్కిన నిలువెత్తు రూపాలతో. జెర్వేజ్ అలార్డ్ అన్న పేరు కూడా అక్కడిదే. ఆయన 13, 14 శతాబ్దాల నాటి నౌకాధిపతి. ఆమె తన కల్పిత కుటుంబానికి నిజమైన పాత ఇంటిపేరు తీసుకుంది. ఆ సమాధుల ముందు నిలబడితే నవల పేరులోని 'అంతం' ఎంత పెద్ద మాటో తెలుస్తుంది.

రామ్నీ మార్ష్ ఇంకో లోకం. సముద్రంనుంచి తీసుకున్న పల్లపు నేల, కనుచూపుమేర గొర్రెలు, పొలానికీ పొలానికీ మధ్య గట్టుకు బదులు నీటి కాలువలు. 19వ శతాబ్దం దాకా అక్కడ మలేరియా ఉండేది, మనుషులు తక్కువ, గొర్రెలు ఎక్కువ. ఆ గొర్రెల జాతినే న్యూజిలాండుకూ తీసుకుపోయారు. ఫెయిర్‌ఫీల్డ్ అనే చోట ఒక చిన్న గుడి పొలం మధ్య ఒంటరిగా ఉంటుంది, చుట్టూ ఇల్లన్నది లేదు. 1913లో కట్ట వేసేదాకా వానాకాలంలో పడవమీదో గుర్రంమీదో వెళ్ళేవారు. గాలి ఎటునుంచైనా అడ్డు లేకుండా వస్తుంది.

ఈ పల్లంలోనే 'జోవన్నా గాడెన్' (1921) జరుగుతుంది. ఆ నవలను ఎవరూ ఇంకా ఎత్తలేదు, నా దృష్టిలో ఆమెది అన్నిటికన్నా మంచి పుస్తకం అదే.

వెన్నెల వాకిలి:

సముద్రపుగాలి గారూ, నేను ఎత్తుదామనుకునేలోగా మీరే ఎత్తారు. నేనూ ఆ నవల పక్షమే.

1897లో తండ్రి చనిపోతాడు. ఇరవైమూడేళ్ళ జోవన్నాకు లిటిల్ ఆన్స్‌డోర్ అనే కమతం దక్కుతుంది. త్వరగా పెళ్ళిచేసుకుని భర్తకు అప్పగిస్తుందని ఊరంతా ఎదురుచూస్తుంది. ఆమె తానే సాగుచేస్తానంటుంది. సంతలో మగవాళ్ళ మధ్య నిలబడి బేరాలాడుతుంది. అందగాడన్న ఒక్క కారణంతో ఒకణ్ణి గొర్రెల కాపరిగా పెట్టుకుంటుంది. మందను మేలుజాతితో కలపబోయి ఘోరంగా నష్టపోతుంది. తప్పు తెలుసుకుని మళ్ళీ లేస్తుంది. గట్టిగా మాట్లాడుతుంది, ఆడంబరంగా బట్టలు కట్టుకుంటుంది, చెల్లెల్ని మితిమీరిన ప్రేమతో పాడుచేస్తుంది. నా వయసు స్త్రీలు చదివితే ఈమెను వదులుకోలేరు.

పెళ్ళి కుదిరిన మార్టిన్ ట్రెవర్ జబ్బుచేసి చనిపోతాడు. చాలా ఏళ్ళకు, నడివయసులో, తనకన్నా చిన్నవాడైన లండను కుర్రవాడితో సంబంధం వల్ల గర్భవతి అవుతుంది. అతను పెళ్ళికి సిద్ధంగానే ఉంటాడు. అతనిమీద ప్రేమ లేదని తెలిశాక, పరువుకోసం పెళ్ళి చేసుకోవడం ఇంకో తప్పు అవుతుందని ఆమె నిరాకరిస్తుంది. కమతం అమ్మేసి, బిడ్డతో ఎక్కడైనా కొత్తగా బతకడానికి బయలుదేరుతుంది. 1921లో ఇంగ్లండు పాఠకులు దీన్ని ఎలా తీసుకున్నారో కానీ, రాయడానికి ధైర్యం కావాలి.

1947లో ఈలింగ్ స్టూడియో దీన్ని సినిమా తీసింది. గూగీ విదర్స్ కథానాయిక, వాన్ విలియమ్స్ సంగీతం. ముగింపును మాత్రం మార్చి ఆమెను పెళ్ళితో ఒడ్డున పడేశారు. నాకు అది అన్యాయంగా తోచింది. జోవన్నా నిజాయితీకి పునాది ఆ నిరాకరణలోనే ఉంది.

చాలుగట్టు గారి వాదన ఇక్కడ కూడా నిలుస్తుంది. జోవన్నా కూడా తనకున్న ఒకే ఒక్క ఆస్తిని, నేలను, వదులుకుంటుంది. మఠంలో చేరదు, మహిమ పొందదు. రచయిత్రి ఆమె పాపాన్ని పాపమనే అంటుంది, కానీ మనిషిని చిన్నబుచ్చదు.

పాతపేజీ:

జోవన్నా విషయంలో వెన్నెల వాకిలి గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. అలార్డ్ విషయంలో నాకు అభ్యంతరాలున్నాయి, చెప్పకుండా ఉండలేను.

జెర్వేజ్ ఎస్టేటు అమ్మించడాన్ని రచయిత్రి విముక్తిగా చూపింది. నిజమే, యుద్ధం తరువాత ఇంగ్లండంతటా ఎస్టేట్లు అమ్ముడుపోయాయి. 1894లో మొదలైన మరణసుంకం (చనిపోయినవారి ఆస్తిమీద పన్ను) ఒక కారణం, పంటల ధరలు ఇంకో కారణం. కొన్నవారిలో చాలామంది అంతవరకూ కౌలు కట్టిన రైతులే. కానీ వాళ్ళు అప్పుచేసి కొన్నారు, కొద్ది ఏళ్ళలోనే ధరలు కూలి నష్టపోయారు. జెర్వేజ్ ఆత్మ తేలికైంది, భారం ఎవరిమీద పడిందో నవల అడగదు. పీటర్ భార్య వీరాను, ఆమె యూదు కుటుంబాన్ని చూపిన తీరులో ఆనాటి దురభిప్రాయం స్పష్టంగా ఉంది. దాన్ని కాలానికి వదిలేసి ముందుకు పోవడం నాకు చేతకాదు.

ఇంకొకటి. 1929లో ఆమె రోమన్ కాథలిక్కు అయిన తరువాతి పుస్తకాలు నన్ను ముందు వాటిలా పట్టుకోవు. ఏది సత్యమో రచయితకు ముందే తెలిసిపోతే పాత్రలకు వెతకడానికి ఏమీ మిగలదు. అప్పటికే పల్లె నవల ఒక మూసగా మారింది కూడా. 1932లో స్టెల్లా గిబ్బన్స్ 'కోల్డ్ కంఫర్ట్ ఫామ్' రాసి ఆ బురద, ఆ శాపాలు, ఆ గుర్రుమనే రైతులను ఎగతాళి చేసింది. అలాంటి పల్లె నవలలే రాసిన మేరీ వెబ్‌తోపాటు కే-స్మిత్ కూడా ఆ దెబ్బకు గురైందని విమర్శకులు అంటారు. ఆ తరువాత తరాలు అసలు పుస్తకాలు మానేసి ఎగతాళి పుస్తకాన్నే చదివాయి. ఆ నష్టం మాత్రం ఆమెకు జరగకూడనిది.

నరసాపురం చదువరి:

పాతపేజీ గారూ, వీరా గురించి మీరన్నది ఒప్పుకుంటాను. 1929 తరువాత చప్పబడిందన్నది మాత్రం ఒప్పుకోను.

ఆ ఏడాది ఆమె, భర్త ఇద్దరూ రోమన్ కాథలిక్కులయ్యారు. 1931లో ఆమె రాసినది 'సూజన్ స్ప్రే'. ఇందులో కాథలిక్కు గురువులు లేరు, పునీతులు లేరు. 19వ శతాబ్దంలో పొలంలో పక్షులు తోలే కూలిపిల్ల పెరిగి ప్రసంగీకురాలు అవుతుంది. ఆమె చూశానన్న దర్శనం నిజమా, దెబ్బలు తప్పించుకోవడానికి చెప్పిన మాటా? ఆ మాటను తానే నమ్మడం ఎప్పుడు మొదలుపెట్టింది? రచయిత్రి తేల్చదు. సూజన్ లేచి మాట్లాడితే జనం కన్నీరు పెట్టుకుంటారు. ఆ కన్నీరు నిజమే. అదే నోటితో తనవాళ్ళను మోసం చేస్తుంది, అదీ నిజమే. సత్యం తెలిసిపోయిందనుకునే రచయిత్రి ఎవరూ ఇలా రాయగలిగేవారు కాదు. నేను మా కూటాల్లో గొప్ప ప్రసంగీకులను విన్నాను. మాటలో శక్తి, మనిషిలో బలహీనత ఒకే చోట ఉండటం చూసి చాలా బాధపడ్డాను. ఆ బాధకు సూజన్ స్ప్రే దగ్గర నాకు తోడు దొరికింది.

జార్జ్ ఎలియట్ 1859లోనే 'ఆడమ్ బీడ్'లో డైనా మోరిస్ అనే మెథడిస్టు ప్రసంగీకురాలిని సృష్టించింది. డైనా వెలుగులాంటి మనిషి. నాకు డైనామీద గౌరవం, సూజన్‌తో పరిచయం.

చాలుగట్టు:

ఈ ఇద్దరి మాటలూ చదివాక నా మొదటి వాదనకు ఒక సంగతి చేర్చాలి. మూల్యం గురించి రాసిన ఆమె తానూ చెల్లించింది. 1924లో ఆమె పెళ్ళాడిన థియడోర్ పెన్‌రోజ్ ఫ్రై ఇంగ్లండు సంఘపు మతాచార్యుడు. ఇద్దరూ ఆ సంఘంలోనే కాథలిక్కు ఆచారాలవైపు మొగ్గినవారు. 1833లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైన ఉద్యమానికి వారసులు. 1925లో ఆమె ఆ మార్గాన్ని సమర్థిస్తూ పుస్తకమే రాసింది. నాలుగేళ్ళకు ఇద్దరూ రోమువైపు దాటారు. పెళ్ళైనవాడు కాబట్టి ఆయన అక్కడ గురువు కాలేడు. పదవి, జీవనోపాధి, పిలుపు అన్నీ పోయాయి. నార్తియమ్ దగ్గర లిటిల్ డౌస్‌గ్రోవ్ అనే పాత కమతంలో స్థిరపడ్డారు. 1937 నాటి ఆత్మకథలో ఆమె పల్లె, రచన, విశ్వాసం, ఈ మూడింటినీ తనను ఇంటికి చేర్చిన మూడు దారులుగా చెప్పింది.

పాతపేజీ గారు అడిగిన ప్రశ్న, భారం ఎవరిమీద పడిందన్నది, అలార్డ్ నవలకు నిజంగా తగులుతుంది. నా దగ్గర జవాబు లేదు. జెర్వేజ్ తల్లి, అక్కచెల్లెళ్ళ గతి ఏమిటన్నది కూడా అందులో భాగమే.

సముద్రపుగాలి:

నార్తియమ్‌లో ఆ దంపతులు కట్టించిన చిన్న కాథలిక్కు గుడి ఇప్పటికీ ఉంది, ఫ్రాన్సులోని లిజియుకు చెందిన పునీతురాలు తెరేజమ్మ పేరుమీద. ఆమె సమాధి కూడా అక్కడే. 1952లో ఆమె నలుగురు పుణ్యస్త్రీల గురించి రాసిన పుస్తకంలో తెరేజమ్మ ఒకరు. ఇంకొకరు సెయింట్ లెనర్డ్స్‌లో కాన్వెంటు నెలకొల్పిన కార్నీలియా కానెలీ. పరలోకం గురించి రాసినా సొంత ఊరిని వదల్లేదు.

మెట్టపొలం:

ఇంత విన్నాక చదవకుండా ఉండలేను. ఏది ముందు చదవాలి? పుస్తకాలు దొరుకుతాయా? మాండలికం కష్టమా?

వెన్నెల వాకిలి:

'జోవన్నా గాడెన్'తో మొదలుపెట్టండి. తరువాత 'ససెక్స్ గోర్స్'. రెండూ గూటెన్‌బర్గ్ ప్రాజెక్టులో ఉచితంగా ఉన్నాయి. సంభాషణల్లో ససెక్స్ పలుకుబడి ఉంటుంది, మొదటి రెండు అధ్యాయాలు గట్టిగా చదివితే చెవికి అలవాటవుతుంది. 'సూజన్ స్ప్రే'ను మాత్రం పాత పుస్తకాల దుకాణాల్లో వెతకాలి.

పాతపేజీ:

ఒక ఉపయోగపడే విషయం. మన దేశంలో రచయిత మరణించిన తరువాతి ఏడాదినుంచి 60 ఏళ్ళకు హక్కులు ముగుస్తాయి. ఆమె 1956లో పోయింది కాబట్టి 2017 జనవరినుంచి ఇక్కడ ఆమె రచనలను ఎవరైనా స్వేచ్ఛగా అనువదించుకోవచ్చు. ఆసక్తి ఉన్నవారు తలా ఒక అధ్యాయం తీసుకుంటే 'జోవన్నా గాడెన్' తెలుగులోకి వస్తుంది. గొర్రెల సంత ఉన్న అధ్యాయం నాకు వదిలేయండి.

నరసాపురం చదువరి:

మార్టిన్ మరణం నేను తీసుకుంటాను. మరణశయ్య దగ్గరికి గురువైన సోదరుడు వచ్చే ఘట్టం. నెలాఖరులోగా ఇక్కడే పెడతాను, అందరూ దిద్దండి.